మౌలాలి కొట్టిన మేకులు

ఎద్దును పడగొట్టడం ఎప్పుడైనా చూశారా? మెడకో చుట్టు, వెనక కాళ్లకో చుట్టు, తాడు కొస చేతిలో. కండబలం ఒక్కటే ఉన్నవాడు బలంకొద్దీ లాగుతాడు. ఎద్దు బెదిరి కుమ్ముతుంది, వాడి డొక్క చీలుతుంది. పని తెలిసినవాడు లాగడు. ఎద్దు బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారే క్షణం కోసం కాచుకుని, తాడును ఒక్క విసురు విసురుతాడు. అంతే, అంత ఎద్దూ తనకే నిద్రొచ్చినట్టు ఒరిగిపోతుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్టు గేటు ఎదుట ఇరవై ఏళ్లపాటు అలా ఎద్దుల్ని పడుకోబెట్టి లాడాలు కొట్టినవాడు మౌలాలి.

మనిషి పొట్టి, మెడ కనపడదు, కోపం మాత్రం ముక్కు మీదే. లాడం మేకులు బజార్లో కొనేవాడు కాదు. తన కొలిమిలో తనే సాగదీసి, తలలు చదరంగా కొట్టుకునేవాడు. ఎందుకురా ఇంత చాకిరీ అని ఎవరైనా అంటే కసిరేవాడు: "బజారు మేకు రెండు వానలకి ఊడిపోద్ది. నా మేకు ఎద్దు సచ్చినా ఊడదు!" ఈ ముక్క రోజుకి పదిసార్లు అనేవాడు. ఊళ్లో బండివాళ్లంతా నవ్వుకుంటూనే నమ్మేవాళ్లు.

అలాంటివాడికి పంతొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలంలో, ఒక సోమవారం పొద్దున్న పని పోయింది. పోయిందని చెప్పినవాడు కూడా లేడు. కొలిమి రాజేసుకుని, తాళ్లు తడిపి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వేళ షావుకారు తాతబ్బాయి గారి ఎద్దుల వంతు. బెల్లం దిమ్మలు మార్కెట్టు నుంచి రైలు గూడ్సు షెడ్డుకి చేరవెయ్యడానికి ఆయనకి ముప్ఫై జతలుండేవి. మౌలాలి తిండిలో మూడొంతులు ఆ ఎద్దుల కాళ్ల నుంచి వచ్చేదే. ఎద్దులు రాలేదు. వాటి బదులు రెండు లారీలొచ్చాయి, ముందు భాగానికి పసుపు పూసుకుని, నిమ్మకాయలు కట్టుకుని.

మౌలాలి పరుగున కొట్టులోకి వెళ్లాడు. "ఎద్దులేవి సావుకారూ?"

"సంతలో అమ్మేసేనురా. నీకెవులూ సెప్పలేదేటి?" తాతబ్బాయి గొంతులో చెడ్డతనం కూడా లేదు, అదే మౌలాలికి మరీ మండింది. "కాలం మారిపోనాది మౌలాలీ. లారీకి లాడాలెక్కడుంటాయి సెప్పు?"

గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. ఆ పళ్లన్నీ సుత్తితో ఒక్కొక్కటే రాలగొట్టాలనిపించింది మౌలాలికి. ఇరవై ఏళ్ల చాకిరీకి ఒక్క కబురు కూడా చెప్పాలనిపించలేదు వీళ్లకి! కోపం మింగి బయటికొచ్చాడు. మింగిన కోపం ఊరుకుంటుందా?

రెండు రోజులకి తుమ్మపాల నుంచి అప్పలకొండమ్మ వచ్చింది. మొగుడు పోయాక తన బండి తనే తోలుకుంటున్న మనిషి. ఆమె ఎద్దుకి తాడు వేశాడు మౌలాలి. అప్పుడే షావుకారు లారీ హారను కొట్టుకుంటూ గేటు దాటింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. కాలి బరువూ చూడలేదు, క్షణమూ చూడలేదు. ఒంట్లో ఉన్న కసంతా తాడులోకి దించి లాగాడు. ఎద్దు ఎగిరి రాళ్ల మీద పడింది. కొమ్ము మొదలంటా విరిగింది. నెత్తురు చిమ్మి మౌలాలి ముఖాన పడింది, ఎద్దు పెట్టిన రంకె మార్కెట్టంతా వినపడింది.

అప్పలకొండమ్మ చర్నాకోల తీసింది. వీపు మీద ఒకటి, భుజం మీద ఒకటి, ముఖం మీద ఒకటి. "సావుకారు మీద కోపం నా ఎద్దు మీద సూపిత్తావేట్రా? నోరు లేని గొడ్డురా అది!" అని ఏడుస్తూ కొట్టింది. మౌలాలి చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ దెబ్బలు తనకి రావలసినవేనని వాడికి తెలుసు. ఆ రోజుతో మిగిలిన బండివాళ్లు కూడా గేటు అవతల నుంచే పోవడం మొదలెట్టారు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. లారీలకి వారంలో నాలుగు పంక్చర్లు పడ్డాయి. డ్రైవరు త్రినాధరావు విశాఖపట్నం మనిషి, చేతులు రోకళ్లలా ఉంటాయి. టైరులోంచి లాగిన మేకు అరచేతిలో పెట్టుకు చూశాడు. తల చదరం. చదరపు తల మేకు ఊళ్లో ఎవడిదో చెప్పడానికి పంచాయతీ అక్కర్లేదు కదా. కొలిమి దగ్గరున్న మౌలాలిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, పెదవి చిట్లేలా మార్కెట్టు నడుమ పడేశాడు.

"రోడ్డు మీద మేకులు సల్లుతావట్రా?"

"నేను సల్లలేదు!"

"మరి నీ మేకులు నా టైర్లోకి ఎలా వచ్చేయిరా?"

తాతబ్బాయి అరుగు మీంచి దిగి వచ్చాడు. చెప్పొద్దూ, ఆయన ఆ రోజు మౌలాలిని కాపాడాలనే చూశాడు. "ఉండరా త్రినాధరావూ. ఇన్నేళ్లు ఎద్దులు తిరిగిన దారది. ఆటి కాళ్లనుంచి ఊడి పడుంటాయి. కాదేట్రా మౌలాలీ?"

అవునంటే సరిపోయేది. తల ఊపినా సరిపోయేది. కానీ జనమంతా చూస్తున్నారు. పని పోయింది, బండివాళ్లు పోయారు, మిగిలింది ఆ ఒక్క మాటే. అదీ పోతే తనింకెవరు? నెత్తురు ఉమ్మేసి అరిచాడు: "నా మేకు ఊడదు!"

ఇంకేముంది! తన నోటితో తనే నేరం ఒప్పుకున్నట్టయింది. త్రినాధరావూ ఇద్దరు క్లీనర్లూ వాణ్ని కుళ్లబొడిచారు. పన్ను ఊడింది, పక్కటెముక విరిగింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కడూ అడ్డం రాలేదు.

మౌలాలి ఇంట్లో మాటలు ఉర్దూలో నడుస్తాయి, పోట్లాటలు మాత్రం తెలుగులోనే. పెళ్లాం సకీనాబీ పసుపు కాచి పక్కటెముకల మీద రాస్తూ రాస్తూ చెయ్యి ఆపింది. "ఊడినాయని ఒప్పేసుకుంటే పోయేదేటి?" అంది. వాడు ముఖం గోడకి తిప్పుకున్నాడు. అప్పుడు మెల్లగా అడిగింది: "నిజం సెప్పు. సల్లేవా?"

ఊరంతా కొడితే నొప్పి పుట్టనివాడికి ఆ ఒక్క మాటకి ప్రాణం పోయినంత పనైంది. లేచి చెయ్యెత్తాడు. సకీనాబీ కదల్లేదు, కళ్లార్పకుండా చూసింది. ఎత్తిన చెయ్యి నీళ్ల కుండ మీద దింపాడు. కుండ పెంకులై, ఇల్లంతా నీళ్లయింది. "నువ్వు కూడానా?" అని గొంతు చించుకుని అరిచి బయటికి పోయాడు.

అయిదో రోజుకి తొలివాన కురిసింది. తెల్లారేసరికి మౌలాలి ఒక నిశ్చయానికి వచ్చేశాడు. చెయ్యని పనికి దెబ్బలు తినేశాను, ఇక చేస్తే తప్పేమిటి? లెక్క సరిపోతుంది! మిగిలిన మేకులన్నీ సంచిలో పోసుకుని, అలవాటుగా పటకారు మొలలో దోపుకుని, గూడ్సు షెడ్డు దారి పట్టాడు. మలుపు దగ్గర ఆగాడు. ఇక్కడ టైరు పేలితే లారీ పక్క గోతిలోకే. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. చల్లడానికి వంగాడు.

వాన మట్టినంతా కడిగేసింది. కాళ్ల కింద, కంకర సందుల్లో, మేకులు. ఒకటి కాదు, పది కాదు. తుప్పు పట్టినవి, అరిగి సగమైనవి, వంకర తిరిగినవి. తలలన్నీ చదరమే. కూర్చుండిపోయాడు. ఒకటి పీకి చూశాడు, ఇంకోటి పీకి చూశాడు. ఊడదు ఊడదని ఇరవై ఏళ్లు గుండె గుద్దుకుని చెప్పిన మేకులు ఇరవై ఏళ్లుగా ఊడుతూనే ఉన్నాయి. బండివాళ్లు చూసే ఉంటారు, తన ముఖం చూసి చెప్పలేదంతే. సిగ్గుతో ఒళ్లంతా మంటెత్తింది.

లారీ చప్పుడు వినపడలేదు. అది మలుపు తిరిగాక చూశాడు. పైన బెల్లం దిమ్మలు, దిమ్మల మీద నలుగురు కూలీలు, అందులో ఒకావిడ ఒళ్లో పసిపిల్ల. గుప్పిట బిగించి పక్కకి దూకాడు. ఢామ్మని టైరు పేలింది. లారీ అడ్డంగా జారి, గోతి అంచున ఒక చక్రం గాల్లో వేలాడుతూ ఆగింది. పసిపిల్ల గుక్కపట్టింది.

త్రినాధరావు దిగాడు, చేతిలో జాకీ రాడ్డు. ఎదురుగా మౌలాలి, చేతిలో మేకుల సంచి. ఇంక వేరే సాక్ష్యం కావాలా? "నిన్నీయాల సంపేత్తానురా!" అని రాడ్డెత్తాడు.

మౌలాలి పారిపోలేదు. పేలిన టైరు దగ్గర మోకాళ్ల మీద కూలబడి, పటకారుతో మేకును ఒడిసి పట్టి ఒక్క మెలి తిప్పి లాగాడు. సంచిలోని మేకు ఒకటి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చెయ్యి చాపాడు. "సూడు! ఇది మొన్న కొట్టింది, నల్లగా ఉంది. నీ టైర్లోది తుప్పు పట్టి సగం అరిగిపోనాది. ఇది ఎద్దు కాలు నుంచి ఊడింది." ఆ తర్వాతి మాటకి పక్కటెముక విరిగినప్పటికంటే ఎక్కువ నొప్పి పుట్టింది. "నా మేకులు ఊడతాయి. ఎప్పుడూ ఊడతానే ఉన్నాయి. దారంతా సూడు."

త్రినాధరావు దారంతా చూశాడు. రాడ్డు దించాడు. దిగివచ్చిన కూలీలు అయ్యో పాపమన్నారు, మరి ఈ సంచి ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఏరడానికి తెచ్చాడనుకున్నారు కాబోలు. మధ్యాహ్నానికి తాతబ్బాయి కబురుపెట్టాడు: టైరుకి గాయం పెద్దది కాకుండా మేకు లాగడం ఆ క్లీనర్లకి చేతకావడం లేదు, రేపట్నుంచి లారీల షెడ్డుకి రమ్మని.

మౌలాలి ఇంటికి చేరేలోపు వీధివీధంతా సకీనాబీకి చెప్పేసింది, నీ మొగుడు నిప్పులాంటివాడని. ఆమె గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉంది. ఆ నవ్వు చూడలేకపోయాడు. సంచి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"నువ్వడిగిన రోజున సల్లలేదు. అది నిజం. ఈయాల సల్లడానికే ఎల్లేను. గుప్పెట్లోకి తీసేను కూడాను."

సకీనాబీ నవ్వు ఆగిపోయింది. చాచి లెంపకాయ కొట్టింది. మానుతున్న పెదవి మళ్లీ చిట్లి నెత్తురొచ్చింది. కాపురానికొచ్చాక ఆమె వాణ్ని కొట్టడం అదే మొదలు. "ఆ లారీ మీద పసిపిల్ల ఉందంట!" అని అరిచింది. అరిచి, అక్కడే కూలబడి ఏడ్చింది. మౌలాలి ఆమె పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. చర్నాకోలకి రాలేదు, త్రినాధరావు గుద్దులకి రాలేదు, ఆ ఏడుపు అప్పుడొచ్చింది.

మర్నాడు పటకారు పట్టుకుని షెడ్డుకి వెళ్లాడు. ఆ పైన పదకొండేళ్లు టైర్లలోనే బతికాడు. ఆ దారిలో పాత మేకులు చాలాకాలం తేలుతూనే ఉండేవి. కొత్తగా చేరిన క్లీనరు ఎవడైనా, ఈ చదరపు తల మేకు ఎవడిదిరా బాబూ అని విసుక్కుంటే, మౌలాలి పని ఆపి చెప్పేవాడు: "నాదేరా. ఊడిపోనాది."