సింహాచలం బావకు పోసిన అమ్మవారు

నిన్న పైడమ్మ ఇంట్లో అడుగుపెట్టగానే వేపమండల పచ్చివాసన, పసుపు నీళ్ళ వాసన కలిసి గుప్పుమన్నాయి. ఆమె కొడుక్కి అమ్మవారు పోసిందట. కుర్రాడు బాగానే ఉన్నాడు, నేనే గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, పైడమ్మ తండ్రి సింహాచలం బావ గుర్తొస్తాడు.

గోదావరి జిల్లా నుంచి వచ్చి విశాఖ పోర్టులో క్రేను ఎక్కిన నాకు పని నేర్పింది ఆయనే. బంధువు కాదు, ఇక్కడ మగవాళ్ళందరూ ఒకరికొకరు బావలే. "లోడు ఒరిగిందంటే కేకెయ్యి బావా. దాసీసేవంటే కిందోడు సచ్చిపోతాడు" అనేవాడు. తప్పు నాదైనా సరే, కేకేస్తే తిట్టేవాడు కాదు. దాస్తే మాత్రం నాతో టీ కూడా తాగేవాడు కాదు.

రెండువేల దశకం చివర్లో ఆయన కాలేయం పూర్తిగా చెడింది. పైడమ్మ తన కాలేయంలో ముక్క ఇచ్చింది. హైదరాబాదులో ఆపరేషను. సొంత రక్తం, ఎంత బాగా కలిసిందో అని మేమంతా మురిసిపోయాం. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి జ్వరం, విరేచనాలు, అరచేతుల నిండా ఎర్రటి దద్దుర్లు. బావ భార్య అమ్మవారేనంది. తాళింపులు మానేసి గుమ్మానికి వేపమండలు కట్టింది. నేనూ దండం పెట్టాను. ఎంతకీ తగ్గకపోతే ఆయన్ని మళ్ళీ హైదరాబాదు తీసుకెళ్ళాను.

అక్కడ డాక్టరు చెప్పింది నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. కొత్త అవయవాన్ని ఒళ్ళు తరిమేయడం విన్నాం. ఇది తిరగబడిన వ్యవహారం, చాలా అరుదట. ముక్కతో పాటు వచ్చిన కూతురి రక్షణ కణాలే తండ్రి ఒంటి మీద పడ్డాయి. బావ చేసుకున్నది అక్క కూతుర్నే. ఆ మేనరికం వల్ల పిల్లకి తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే గుర్తులొచ్చి, ఆమె కణాలు ఆయన ఒంటికి పరాయివిగా తోచలేదు. ఆయనలో ఉండి పిల్లకి రాని గుర్తుల వల్ల వాటికి మాత్రం ఆయన పరాయివాడయ్యాడు. మరీ బాగా కలవడమే ముప్పయిందంటే ఎవరిని తిట్టుకోవాలి?

బావ అంతా విని నవ్వాడు. "నా ఇంట్లోకొచ్చి నన్నే ఎల్లిపొమ్మంటందేటి? మా పిల్లే మరి!" తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "దానికి మాత్రం సెప్పకు బావా. అమ్మవారే అను." కేకెయ్యమని నేర్పిన నోటితోనే దాచమన్నాడు. ఏ మాట వినాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. కొద్దిరోజులకే పోయాడు. పైడమ్మకి అమ్మవారనే చెప్పాను.

నిన్న కొడుకు వీపు మీద వేపమండతో మెల్లగా రాస్తూ పైడమ్మ అడిగింది: "మావయ్యా, నానిచ్చిన ముక్క మటుకు సివరిదాకా బాగానే పన్జేసింది కదా?"

ఆ జబ్బు బావ ఒళ్ళంతా పాడుచేసింది గానీ, ఆ కణాలకి సొంతమైన ఆ ముక్క జోలికి పోలేదు.

"చాలా బాగా పనిచేసిందమ్మా" అన్నాను. ఆ సంగతిలో ఇన్నేళ్ళుగా ఆ పిల్లకి నేను చెప్పిన నిజం అదొక్కటే.