ఆమె సంతోషం మీద నా ప్రార్థన

2023 మార్చి, మొదటి ఆదివారం సాయంత్రం. దుబాయ్ కరామాలో మా అమ్మాయి ఇల్లు. ప్రార్థనలో ఉన్నవారు: అమ్మాయి, అల్లుడు, నేను, చుట్టుపక్కల తెలుగువాళ్లు కొందరు, అరబ్బుల ఇంట్లో పనిచేసే సత్యవతి.

సంఘ పెద్దగా వాక్యం చెప్పేది నేను. అందరూ ఎదురుచూసేది మాత్రం సత్యవతి సాక్ష్యం కోసం.

“మేడమ్ పొద్దున్నే యల్లా యల్లా అని తరిమేత్తాదండి. నేను అంతకు ముందే లేచి, ‘ప్రభువా, ఈ రోజు సంతోషంగా ఉంటాను’ అని చెప్పేసుకుంటానండి. ఇంక ఖలాస్!” అందామె. అందరూ చప్పట్లు కొట్టారు. జీవితమంతా బైబిలు చదివిన నాకు దొరకని సంతోషం ఈమెకెలా దొరికిందని నాకు కడుపు మండింది.

ముగింపు ప్రార్థన నాది. “ఈమె భారం తగ్గించు ప్రభువా” అనబోయి, “ఈమె సంతోషం తగ్గించు ప్రభువా” అనేశాను. అలవాటు కొద్దీ అందరూ “ఆమెన్!” అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే కళ్లు తెరిచి నా వైపు చూశారు. నేను సిగ్గుతో మళ్లీ కళ్లు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సత్యవతి ఫోన్ చేసింది. “మాస్టారూ, తగ్గలేదండి బాబూ!” అంటూ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక, ఆ సంతోషం నాకూ ఇవ్వమని ప్రభువును అడిగాను. అసూయ పూర్తిగా పోలేదు. ఆమెకంటే కాస్త ఎక్కువే ఇవ్వమన్నాను.