ఆరో బిళ్ల

నా చిన్నప్పుడు, తమిళుల ఆడి నెల మూడో మంగళవారం, పొద్దున సరిగ్గా పది గంటలకు, మా తాతయ్య పనిచేసే రాగి గని చూడడానికి గవర్నమెంటు ఆఫీసర్లు ఐదుగురు జీపుల్లో దిగారు. మాది పుదుచ్చేరిలో సారం పేట. అమ్మ కాన్పుకని ఆంధ్రాలోని పుట్టింటికి పోతే వెంట నేనూ పోయాను. ఎనిమిదేళ్ల దాన్ని. అప్పటికి అక్షరం ముక్క రాదు. యాభై దాటాకే నేర్చుకున్నాను, తప్పులుంటే ఉండనీండి.

తాతయ్యది గని వాకిట్లో బిళ్లల గది. గోడ నిండా మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ల. లోపలికి దిగేవాడు బిళ్ల తీసుకుపోవాలి, పైకి వచ్చాక తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. పన్నెండింటికి మేనేజరు పైనుంచి మీట నొక్కి, లోపల తూటాలు పేల్చి రాయి పగలగొడతాడు. మేకులన్నీ నిండితేనే తాతయ్య గంట కొట్టేవాడు. ఆ గంట వినబడితేనే తూటా పేలేది.

మేనేజరు ఐదు బిళ్లలు తీసి ఆఫీసర్లకు ఇచ్చాడు. వాళ్ల వెనక ఫైళ్లు, మంచినీళ్ల కూజా మోస్తూ ఒక ముసలి బంట్రోతు ఉన్నాడు. తాతయ్య ఆరో బిళ్ల తీశాడు.

"ఆయనకెందుకయ్యా? బంట్రోతే గదా" అన్నాడు మేనేజరు.

"దిగేది ఆయన కాళ్లు గాదా సార్? బిళ్ల లేకుండా ఎవురూ దిగేదిలే."

"అయితే కూజాకు కూడా ఒకటియ్యి పెద్దాయనా" అన్నాడు ఒక ఆఫీసరు. అందరూ నవ్వారు. తాతయ్య నవ్వలేదు. బంట్రోతు జేబులో బిళ్ల పడేదాకా లిఫ్టు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

పదకొండున్నరకు ఆఫీసర్లు పైకి వచ్చి, ఐదు బిళ్లలు బల్ల మీద పడేసి, భోజనానికని జీపులెక్కి పోయారు. వెంట తెచ్చుకున్న మనిషి ఒక్కరికీ గుర్తు రాలేదు. వాళ్ల రాక కోసం గని పనివాళ్లను ముందే పైకి రప్పించి ఇళ్లకు పంపేశారు. తాతయ్య ఆ ఐదూ తగిలించాక గోడ మీద ఒక్క మేకే ఖాళీ.

పన్నెండయింది. మేనేజరు గంట కొట్టమన్నాడు. ముసలాయన జేబులో బిళ్ల మరిచి జీపెక్కేసి ఉంటాడని, ఆలస్యమైతే ఉద్యోగం ఊడుతుందని అరిచాడు.

"జీపులో ఆయన్ని నువ్వు జూసినావా సార్? ఉద్యోగం తీసుకో. గంట మాత్రం నేను కొట్టను" అని, తాతయ్య గంట తాడు చేతికి చుట్టుకుని నేల మీద కూర్చున్నాడు. నేనూ భయంభయంగా ఆయన పక్కనే కూర్చున్నాను.

చివరికి లిఫ్టు నడిపే మామే తన బిళ్ల తీసుకుని దిగి వెతికాడు. ముసలాయన దీపం ఆరిపోయి, దారి తెలియక, ఒక పక్క సొరంగంలో కూజా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడట. తూటాలు కూరిన గోడ ఆ పక్కనే. పైకి రాగానే మామా, ఆయనా బిళ్లలు తగిలించారు. అప్పుడు కొట్టాడు తాతయ్య గంట.

ఎదురు మాట్లాడినందుకు ఆయన్ను రెండు వారాలు పనిలోకి రానివ్వలేదు. తప్పయిందని కాగితం రాసి తెచ్చి వేలిముద్ర వేయమన్నారు. వేయలేదు.

మొన్న సారంలో మా ఇంట్లో మనుషుల లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లు, మెట్ల కింద కాపురముండే వాచ్‌మన్‌నూ భార్యనూ వదిలేసి నన్ను సంతకం పెట్టమన్నారు. వాళ్లను రాసేదాకా నేను పెన్ను పట్టుకోలేదు. మొండి పాటి, అంటే మొండి ముసల్ది, అని తిట్టుకున్నారు. తిట్టుకోనీ.

ఆ మంగళవారం అక్కడ ఉన్నవాళ్లు: మా తాతయ్య, లిఫ్టు మామ, మేనేజరు, నేను, ఐదుగురు ఆఫీసర్లు. ఆఫీసర్ల పేర్లు నాకు తెలియవు, అక్కరా లేదు. బంట్రోతు పేరు మాత్రం ఆ రోజే అడిగి తెలుసుకున్నాను. కె. చెంగయ్య.