ఎండకు తెల్లబారిన ఆకులు

మా బోటనీ మేడమ్ పోయారని పొద్దున వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. క్లాసుకు వెళ్లబోతూ వరండాలో నిలబడి విన్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదనిపించింది. పాఠం చెప్పి, సెలవు పెట్టి నరసరావుపేట బస్సెక్కాను.

నేను ఆమె దగ్గర డిగ్రీ చదివేటప్పుడు, ఒకసారి రొంపిచెర్ల దగ్గర మిరపనారు చూపించడానికి మమ్మల్ని తీసుకెళ్లారు. ఆ రైతు ఆమెకు వరసకు బాబాయి. నీడ కోసం కట్టిన షేడ్‌నెట్ కింద పెంచిన నారు మీద నుంచి, మేం వెళ్లడానికి కొద్దిరోజుల ముందే నెట్ ఒక్కసారిగా తీసేశాడట. వానల్లేవు, ఎండ మండిపోతోంది.

"ఏందమ్మాయ్ ఇది? ఆకులన్నీ తెల్లబారినయి. పీకేసి మళ్లీ పోద్దామంటే అదునెళ్లిపోద్ది," అన్నాడాయన.

"తెగులు కాదు బాబాయ్. పీకమాక, మందూ కొట్టమాక. మజ్జానం పూట నెట్ కప్పు. రోజూ కాస్త కాస్త ఎండ చూపించు."

గట్టు మీద కూర్చుని మాకు చెప్పారు. ఆకు వాడుకోలేనంత వెలుతురు పడితే, ఆకుకు పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్ట్‌లోనే ఆక్సిజన్ విషంగా మారుతుంది. దాన్ని విరిచేందుకు విటమిన్ సి, విటమిన్ ఇ, పసుపురంగు కెరోటినాయిడ్లు అక్కడే ఉంటాయి. ఆ పనిలో విటమిన్ సి ఖర్చయిపోతే, గ్లుటాథయోన్ అనే ఇంకో పదార్థం దాన్ని మళ్లీ పనికొచ్చేలా చేస్తుంది. నీడన పెరిగిన ఆకులో ఇవన్నీ తక్కువ. సమకూరడానికి వ్యవధి కావాలి.

తెల్లబారిన ఆకులు రాలిపోయాయి. కొన్ని మొక్కలు చచ్చిపోయాయి. మిగిలినవాటికి ముదురు పచ్చగా కొత్తాకులు వచ్చాయి, బాబాయి ఆ నారే నాటాడు. క్లాసులో ఆ సంగతి చెప్పేటప్పుడు మేడమ్ చచ్చినవాటి గురించే ముందు చెప్పారు.

ఇంట్లో పక్షవాతంతో మంచాన పడిన భర్తకు అన్నీ చేసి కాలేజీకి వచ్చేవారు. రాగానే కుర్చీలో కూలబడి, కాసేపు కళ్లు మూసుకుని, "ఆఁ, ఎక్కడున్నాం?" అనేవారు.

"అలసిపోరా మేడమ్?" అని అడిగానొకసారి.

"అలసిపోకుండా ఎట్టుంటామే? కాసేపు కూర్చుని లేవటమే."

నేను లెక్చరర్‌గా చేరిన మొదటి ఏడాదే ఉద్యోగం మానేస్తానని ఆమెకు ఫోన్ చేశాను. కారణం అడగలేదు. "ముందు అన్నం తిని పడుకో. మానేది తర్వాత చూద్దాం," అన్నారు. పడుకున్నాను. మానలేదు.

కిందటి నెల చూడటానికి వెళితే, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నా క్లాసుల గురించి అడుగుతూ అడుగుతూ మాట మధ్యలోనే నిద్రపోయారు. లేపబుద్ధి కాలేదు. పొద్దుటెండ ఆమె పాదాల మీద నుంచి మెల్లగా ఒళ్లోకి పాకింది. వెల్లకిలా తెరిచి ఉన్న అరచేతులు వెలుగుతో నిండాయి.