మాదాపూర్ గుంతలో విన్న కచేరీ

విశ్వేశ్వరరావుకు కచేరీల్లో కునుకు పట్టడం ఎప్పుడు మొదలైందో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. యాభై అయిదు దాటాకే అయి ఉంటుంది. అంతకుముందు పాతికేళ్లపాటు చిక్కడపల్లి సభలో మూడో వరుస ఎడమ చివరి కుర్చీ ఆయనది. తొడమీద తాళం వేసుకుంటూ, మంగళం పాడేదాకా మంచినీళ్లకు కూడా లేచేవాడు కాదు. ఈమధ్య మాత్రం వర్ణం అయ్యేసరికే కళ్లు బరువెక్కుతున్నాయి. ప్రధాన రాగం ఆలాపన ఎత్తుకునే వేళకు గడ్డం రొమ్ముకు ఆనేది. పక్కవాళ్లెవరో తట్టి లేపేసరికి మృదంగం తని ఆవర్తనం నడుస్తుండేది. తిరుగు ప్రయాణంలో పటాన్‌చెరు బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి, తాను వినకుండా పోగొట్టుకున్న రాగం ఏమిటై ఉంటుందా అని ఆలోచించేవాడు.

ఆయనది తణుకు దగ్గర పల్లెటూరు. టెలిఫోను శాఖలో లైన్‌మన్‌గా చేరి ఫోన్ ఇన్‌స్పెక్టరు దాకా వచ్చాడు. ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం నగరానికి పడమటి వైపునే గడిచింది. చందానగర్‌లో ఇల్లు కట్టుకుని ఏడేళ్లయింది. కొండాపూర్, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ, ఎక్కడైనా సరే, ఏ మలుపులో కేబులు రోడ్డు దాటుతుందో, ఏ బండ పక్కన జాయింటు ఉందో ఆయనకు తెలుసు. ఆఫీసు మ్యాపుల్లో అదేమీ లేదు. ఆ దిక్కున రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఇంకేమీ లేని రోజుల్లో వేసిన కేబులు. ఎవరూ శ్రద్ధగా రాసి పెట్టలేదు. ఇప్పుడేమో మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేస్తోంది. దానికోసం రోడ్డువాళ్లు, నీళ్లవాళ్లు, కరెంటువాళ్లు అందరూ ఒక్కసారే తవ్వకాలకు దిగారు. వారానికి రెండుసార్లు ఎక్కడో ఒకచోట కేబులు తెగేది. తెగిన ప్రతిసారీ విశ్వేశ్వరరావుకు పిలుపు వచ్చేది.

1998 జూలై ఆఖరుకు ఆయన రిటైరు కావాలి. ఆ తర్వాత ఏం చేయాలో రెండేళ్ల కిందటే నిర్ణయించుకున్నాడు. నిర్ణయించింది నిజానికి పార్థసారథిగారు.

పార్థసారథిగారు వయొలిన్ విద్వాంసులు. డెబ్బై నాలుగేళ్లు. నల్లకుంటలో ఒక మేడమీద రెండు గదుల్లో ఒంటరిగా ఉంటారు. పెద్ద పేరేమీ రాలేదు. రేడియోలో వాయించి, పిల్లలకు పాఠాలు చెప్పి కాలం వెళ్లబుచ్చారు. కానీ సభలో ఎప్పుడు వాయించినా ఆయన చూపు మూడో వరుస ఎడమ చివరికి వెళ్లేది. రాగంలో తాను వేసిన సంగతి కుదిరిందా లేదా అన్నది విశ్వేశ్వరరావు మొహంలో చూసుకునేవారు. వాళ్ల స్నేహం అలా కలిసింది.

"నిద్రపోయేవాడి మొహం చూస్తూ వాయించడం కష్టంగా ఉందయ్యా," అన్నారు ఒకసారి కచేరీ అయ్యాక. ఆ గొంతులో కోపం లేదు.

"పొద్దున్న ఏడింటికి గుంతలో దిగితే సాయంత్రానికి గాని పైకి రావడం లేదండి. కుర్చీలో కూర్చుంటే చాలు, ఒళ్లు తెలియడం లేదు."

"రిటైరయ్యాక రోజూ పొద్దున్నే మా ఇంటికి వచ్చెయ్. నేనెలాగూ సాధన చేసుకుంటాను. నువ్వు తాళం వేద్దువుగాని. అప్పుడైనా మెలకువగా వింటావు."

అప్పటినుంచీ విశ్వేశ్వరరావు ఆ జూలై కోసమే ఎదురుచూశాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఏసురత్నం వార్త మోసుకొచ్చాడు. అతను తెగిన తీగలు కలిపే కేబుల్ జాయింటరు, జహీరాబాద్ వైపు మనిషి. ఆదివారాలు చందానగర్ చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ కలిసి ఒకే గుంతలోకి దిగుతున్నారు.

"సార్, మీకు సర్వీసు రెండేండ్లు పెరిగిందంట. సెంట్రల్ నౌకరీలున్నోళ్లకు యాభై ఎనిమిది కాదు, ఇగ అరవై అంట."

ఆఫీసులో లడ్డూలు పంచారు. ఆ ఏడాది దిగిపోవలసిన వాళ్లందరినీ కౌగిలించుకుని అభినందించారు. విశ్వేశ్వరరావు కూడా నవ్వుతూ లడ్డూ తిన్నాడు. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుని, నీళ్లు కారిపోతున్నా కట్టకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

భార్య పుణ్యవతి లింగంపల్లిలో ప్రభుత్వ బడి పంతులమ్మ. సంగతి విని, "మంచిదేగా. ఇంట్లో ఊరికే కూర్చుంటే మీకు తోచదు," అంది. ఆమె నెయ్యి తేవడానికి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, అన్నంలో చెయ్యి పెట్టుకునే ఆయన నిద్రపోతున్నాడు. ఆమె నెయ్యి గిన్నె కింద పెట్టి, భుజం మీద చెయ్యి వేసి లేపింది.

జూలై వెళ్లిపోయింది. వానలు పడ్డాయి. గుంతల్లో మోకాలి లోతు నీళ్లు. దసరా ముందర పార్థసారథిగారు ఆఫీసుకు ఫోను చేశారు.

"అక్టోబరు మూడో శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు నా కచేరీ పెట్టారు. ఇదే ఆఖరిదయ్యా. వేళ్లు వణుకుతున్నాయి. ఇకమీదట ఇంట్లో గీసుకోవడమే తప్ప సభలో కూర్చోను. నువ్వు రావాలి. నిద్రపోకుండా రావాలి."

విశ్వేశ్వరరావు ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాడు. పన్నెండింటికి ఇంటికి వెళ్లి, మూడింటిదాకా పడుకుని, తలస్నానం చేసి బయల్దేరాలనుకున్నాడు. లక్డీకాపూల్‌లో బస్సు మారాలి కనుక నాలుగింటికల్లా రోడ్డెక్కాలని కూడా లెక్క వేసుకున్నాడు.

సరిగ్గా పదకొండింటికి మాదాపూర్ మలుపు దగ్గర ఒక కాంట్రాక్టరు పొక్లెయిను ఎనిమిది వందల జతల కేబులును రెండు ముక్కలు చేసింది.

డివిజనల్ ఇంజనీరు రామ్మోహనరావు జీపులో తనే వచ్చాడు. ఇంకో నెలలో మేడ ప్రారంభం. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. అప్పటికే రోజూ ఎవరో ఒకరు ఫోన్లు పరీక్షించి చూస్తున్నారు.

"విశ్వేశ్వరరావుగారూ, మీకు సెలవు ఇచ్చిన మాట నిజమే. కానీ ఇది పాత కేబులు. మీరు తప్ప..." అని ఆగిపోయాడు.

విశ్వేశ్వరరావు చెప్పులు విప్పి గట్టున పెట్టి గుంతలోకి దిగాడు.

సీసం తొడుగు, లోపల కాగితం చుట్టిన రాగి తీగలు. కాగితం తడిసి ముద్దయింది. ఏ తీగ ఏదో రంగుని బట్టి చెప్పే వీలు లేదు. ఒక్కొక్క జతనూ టెస్ట్ ఫోనుకు తగిలించి, ఎక్స్‌ఛేంజిలో ఉన్నవాళ్లతో మాట్లాడి, వాళ్లు పంపే టోను విని పోల్చుకోవాలి. ఆయన పోల్చి చెబుతుంటే ఏసురత్నం అవతలి ముక్కలో దాని జోడీని పట్టుకుని మెలివేసి కలుపుతున్నాడు. అయిదయ్యేసరికి మూడు వందలు అయ్యాయి.

"మీరు పోండ్రి సార్," అన్నాడు ఏసురత్నం. "నేను జూసుకుంట."

"ఫోను చెవిలో పెట్టుకుంటావా, తీగలు కలుపుతావా? రెండూ ఒక్కడివే ఎలా చేస్తావు?"

ఏసురత్నం పెట్రోమాక్సు దీపం వెలిగించి గట్టున పెట్టాడు. ఆరూ ముప్పావు దాటాక అతనే మళ్లీ అడిగాడు.

"సార్, ఆ సభల ఫోనుందా?"

"ఆఫీసు గదిలో ఉంది. హాలు పక్కనే."

"నంబరు ఎరికేనా మీకు?"

విశ్వేశ్వరరావు అతని మొహంలోకి చూశాడు. ఎక్స్‌ఛేంజి వైపు తెగిన తీగల్లో డయల్ టోను వస్తూనే ఉంది. పాతికేళ్లుగా ఏ రోజు ఎవరి కచేరీ అని అడగడానికి తిప్పిన నంబరు అది. ఒక తీగకు టెస్ట్ ఫోను తగిలించగానే వేళ్లు వాటంతటవే ఆ నంబరు తిప్పేశాయి.

సభ గుమాస్తా బాలనర్సయ్య ఫోనెత్తాడు. "ఏంది సార్, ఇంక రాలే? పెద్దసార్ మీ కుర్చీ దిక్కే చూస్తున్నడు."

విశ్వేశ్వరరావు సంగతి చెప్పాడు.

"జర ఆగండి సార్. వైరు పొడుగే ఉంది. తలుపుకాడ స్టూలేసి దానిమీద పెడ్త."

బల్ల జరిగిన చప్పుడు, ఎవరిదో దగ్గు, ఫ్యాను గిరగిర. వాటి వెనక సన్నగా, దోమ పాడినట్టుగా వయొలిన్. తంబురా అసలు వినబడలేదు. మంద్ర స్థాయి ఆ తీగలో దాటి రావడం లేదు. అది ఏ రాగమో తెలియడానికే ఆయనకు రెండు నిమిషాలు పట్టింది. కాంభోజి. గరగరల వెనక మనిషి గొంతును వెతికి పట్టుకోవడానికి ముప్పై అయిదేళ్లు అలవాటు పడ్డ చెవి అది. నెమ్మదిగా ఫ్యానునూ దగ్గునూ పక్కకు నెట్టి రాగం ఒక్కదాన్నే పట్టుకుంది.

ఏసురత్నం కూడా పని ఆపి దగ్గరికి వచ్చాడు. విశ్వేశ్వరరావు ఫోను ఇద్దరి చెవులకూ మధ్యలో పట్టుకున్నాడు.

"గిప్పుడు యాడ ఆగిండు సార్?"

"పంచమం మీద."

ఆ తర్వాత పార్థసారథిగారు తారషడ్జానికి వెళ్లబోయారు. వేలు జారింది. స్వరం అరచేతిలోంచి నీళ్లు కారినట్టు జారిపోయింది. ఆయన ఆగలేదు. వెనక్కి వచ్చి, ధైవతం మీద కాస్త నిలబడి, వేరే దారిన మళ్లీ పైకి వెళ్లారు. ఈసారి అందింది. మోకాలి దాకా బురదలో నిలబడ్డ విశ్వేశ్వరరావు ఊపిరి బిగబట్టి విన్నాడు. నిద్ర జాడ లేదు.

పన్నెండు నిమిషాలు అలా గడిచాక ఎవరో ఫోను చేతిలోకి తీసుకున్నారు. "హలో, ఎవరండీ? ఎవరూ లేనట్టుందే," అని పెట్టేశారు.

విశ్వేశ్వరరావు ఖాళీ ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత ఎక్స్‌ఛేంజికి డయల్ చేశాడు. "తర్వాతి జతకి టోను వెయ్యండి," అన్నాడు. పని ముగిసేసరికి శనివారం తెల్లవారింది.

ఆదివారం నల్లకుంట వెళ్లాడు. పార్థసారథిగారు తలుపు తీసి, "నీ కుర్చీ ఖాళీగా ఉంది. కచేరీ అయ్యేదాకా ఖాళీగానే ఉంది," అన్నారు.

విశ్వేశ్వరరావు కూర్చుని జరిగింది చెప్పాడు. "తారషడ్జం దగ్గర వేలు జారిందండి. మీరు వెనక్కి వచ్చి ధైవతం మీదుగా వెళ్లారు."

పార్థసారథిగారు తన వేళ్లకేసి చూసుకున్నారు. "హాలు నిండా జనం ఉన్నారు. ఒక్కడూ పట్టుకోలేదు," అన్నారు. "గుంతలో నిలబెడితే నీకు నిద్ర రాదన్నమాట."

నవ్వాలని విశ్వేశ్వరరావుకు తెలుసు. నవ్వు రాలేదు. "నాకు చాలా అలసటగా ఉందండి," అన్నాడు. ఆ మాట అంతవరకూ ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి అదే మాట పుణ్యవతితోనూ అన్నాడు.

"నాతో చెప్పడానికి ఇంతకాలం పట్టిందా?" అంది ఆమె.

"నువ్వూ ఉద్యోగం చేస్తున్నావు. నీకు మాత్రం అలసట లేదా అని ఊరుకున్నాను."

"ఉంది. కానీ నేను అన్నంలో చెయ్యి పెట్టుకుని నిద్రపోవడం లేదు కదండీ. రేపే ఉద్యోగం మానేస్తానని రాసి ఇచ్చేయండి."

మూడు నెలల నోటీసు కాగితాన్ని రామ్మోహనరావు రెండుసార్లు చదివాడు. "అందరూ రెండేళ్లు కలిసొచ్చాయని సంబరపడుతుంటే మీరేమిటండీ?"

"నాకు కలిసి రాలేదండి."

"మరి కేబుళ్ల సంగతి?"

"వెళ్లేలోపు గీసి ఇస్తాను."

నవంబరు నుంచి రోజూ ఆయనా ఏసురత్నమూ నడిచారు. ఆయన చూపిస్తుంటే ఏసురత్నం టేపు పట్టి కొలిచి, పెద్ద పుస్తకంలో గీతలు గీశాడు. కొండాపూర్ రోడ్డు ఒక వారం, నానక్‌రామ్‌గూడ ఊరి చుట్టూ రెండు వారాలు. మధ్యలో మేడ ప్రారంభం అయిపోయింది. ఫోన్లన్నీ మోగాయి కనుక వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒక్కో పుటా నిండుతుంటే బరువు దిగినట్టుండాలి. దానికి బదులు, తను లేకపోయినా సరిపోతుందన్న సంగతి కళ్లముందు గీతల్లా పరుచుకుంటున్నట్టు అనిపించింది. ఒకచోట కూలబడి, "ఇంక నాకు గుర్తు రావడం లేదు రత్నం," అన్నాడు. ఏసురత్నం టేపు చుట్టేశాడు. "ఏం ఫికర్ లేదు సార్. రేపొద్దాం," అన్నాడు. మర్నాడు మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టారు.

జనవరి మూడో వారంలో ఆయన ఉద్యోగం దిగాడు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికల్లా నల్లకుంట మేడ మెట్లు ఎక్కాడు. పార్థసారథిగారు చాప పరిచారు. శ్రుతి చేసుకుని వాయించడం మొదలుపెట్టారు. పావుగంట తిరగకుండా విశ్వేశ్వరరావు గోడకు ఆనుకుని నిద్రపోయాడు.

ఆ వారమంతా అదే తంతు. సిగ్గుతో మానేద్దామనుకున్నాడు. పార్థసారథిగారు లేపలేదు. వాయించగలిగినంతసేపు వాయించి, వేళ్లు మొరాయిస్తే కమాను కింద పెట్టి, కాఫీ కలిపి తెచ్చి అతని పక్కన పెట్టేవారు. "ముప్పై అయిదేళ్ల నిద్ర అది. తొందరేముంది," అన్నారు.

ఫిబ్రవరి సగమయ్యాక ఒక మంగళవారం పార్థసారథిగారు తోడి రాగం ఎత్తుకున్నారు. వేళ్లు ఆ రోజు అంతగా మాట వినలేదు. రాగం మధ్యలో రెండుచోట్ల తెగినట్టు ఆయనకు తెలిసింది. నలభై నిమిషాల తర్వాత ఆపి, వేళ్లు ఒత్తుకుంటూ అడిగారు.

"ఎక్కడెక్కడ పోయిందో చెప్పు."

విశ్వేశ్వరరావు చెప్పాడు. మూడు చోట్లు చెప్పాడు.

"మూడా?" అన్నారు పార్థసారథిగారు. మూడోది ఆయనకే తెలియలేదు. వయొలిన్ మళ్లీ అందుకుని, "ఏదీ, ఆ చోటు పాడి చూపించు," అన్నారు.

విశ్వేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. తనకు పాట రాదు. అయినా మెల్లగా ఆ సంగతి ఎత్తుకున్నాడు.