పోయొస్త అన్న సత్తమ్మ

మా ఉప్పల్ గల్లీకి వియత్నాం పిల్ల లిన్ వచ్చిన మొదటి రోజు సంగతి ఇది. నాచారం మందుల కంపెనీల పని నేర్చుకునే చదువట, ఆర్నెల్లు ఉండాలె. నాలుగిండ్లల్ల కాదంటే, ఆఖరికి బిక్షపతి తన మేడ మీది అర్ర ఇచ్చిండు. అది ఆయన తల్లి సత్తమ్మది. ఆమె చనిపోయి రెండు నెలలైంది. ఆ ముచ్చట పిల్లకు ఎవ్వరం చెప్పలే.

పక్కింటి దాన్ని, కొత్త పిల్లను సూడకుంట నేనెట్లుంట? పొద్దటి సంది ఆ మేడ మెట్ల కాడనే కూసొని చింతచిగురు ఏరుతున్న. మధ్యాహ్నం లిన్ నీళ్ల సీస పట్టుకొని దిగింది. ఫోన్ల చూసి నేర్చుకున్న తెలుగే మాట్లాడింది.

"అమ్మమ్మా, పోయొస్త అంటే ఏంది?"

"మళ్ల వస్త అని బిడ్డా. ఎవరన్నరు?"

"పైన ముసలామె. నా సీసకు మూత పెట్టి, వేలితో టక్ టక్ కొట్టింది. పోయొస్త అని కిందికి దిగింది."

"మెట్ల మీద నేనే ఉన్న గదనే! ఎవ్వరు దిగలే."

సత్తమ్మ ఇరవై ఏండ్లు నాచారం మందుల కంపెనీల గోలీల సీసలకు మూతలు పెట్టింది. ప్రతి మూత మీద గట్లనే రెండు దెబ్బలు కొడుతుండె. దవాఖానల నా చెయ్యి పట్టుకొని ఆఖరికి అన్న మాట గూడ పోయొస్త అనే.

చెప్తే పిల్ల పెట్టె సర్దుకుంటదని తెలుసు. అయినా దాచలేక చెప్పిన. లిన్ నా పక్కన మెట్టు మీద కూసుంది.

"పైన ఆ ముసలామె, ఉంటవా బిడ్డా అని నన్ను అడిగింది. నేను ఉంట అన్న" అని లేచి పైకి పోయి తలుపేసుకుంది.

జరసేపటికి పైన టక్ టక్ వినపడ్డది. పిల్ల మూత పెట్టుకుంటుందనుకున్న.

సూస్తే పిల్ల సీస నా పక్కన మెట్టు మీదనే ఉంది.