ఆకాశంలో ఖాళీ పొయ్యి

సాయంత్రం టీ తాగాక మేడెక్కి స్టీల్ ప్లాంట్ వైపు చూడటం మా నాన్నకి అలవాటు. ప్లాంట్ కార్మికుల బస్తీ అయిన క్యాంప్ 1లో మా ఇంటి మేడ మీద నుంచి చూస్తే పొగగొట్టాలు, వాటి మధ్య ఒక సన్నటి గొట్టం, దాని కొసన మండే మంట కనిపిస్తాయి. మంట పెద్దదిగా ఉంటే ఆ పూట నాన్నకి ఆకలి బాగా వేస్తుంది. చిన్నదిగా ఉంటే పక్కింటి భయ్యా, ఆయనా కలిసి పెదవి విరుస్తారు. ఇద్దరూ ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయినవాళ్లే. మంట ఉంటే ప్లాంట్ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు, లేకపోతే ఏదో మునిగిపోయినట్టు అని ఇద్దరికీ గట్టి నమ్మకం.

ఆ మంటని చిన్నది చేయటమే నా ఉద్యోగం.

ఈ సంగతి నాన్నకి నేను చెప్పకపోలేదు. బొగ్గుని కోక్‌గా కాల్చేటప్పుడు గ్యాస్ పుడుతుంది. ఫర్నేస్ నెత్తి మీద నుంచీ వస్తుంది. దాన్ని పట్టి రోలింగ్ మిల్లులకీ, పవర్ హౌస్ బాయిలర్లకీ పంచుతాం. మిల్లు ఆగిందనుకోండి, గ్యాస్ ఆగదు. ఊరికే గాల్లోకి వదిలితే విషం కాబట్టి ఆ సన్నటి గొట్టం కొసకి పంపి తగలబెట్టాలి. పైన ఎంత మంట కనిపిస్తే కింద అంత పని జరగనట్టు. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, ఎవరికి ఎంత గ్యాస్ కావాలో చూస్తూ, వద్దన్నవాళ్లని బతిమాలి అంటగట్టేది నేనే.

అంతా విని నాన్న ఒకటే మాటన్నాడు. "ఏసీ రూమ్‌లో కుర్చీలో కూకుంటే అది ప్లాంట్ పనవుతాదేటే?"

ఎవరైనా అడిగితే "మా అమ్మాయి కంప్యూటర్ పని చేస్తాది" అంటాడు. బ్యాంకులోనా అని వాళ్లడిగితే కాదని కూడా అనడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన చేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు లెక్కపెట్టుకుంటూ పెరిగినదాన్ని. ఆ ప్లాంట్ తప్ప వేరే ఉద్యోగం వద్దని పంతం పట్టి చేరాను. ఆయన నన్ను ఒక్కసారి ప్లాంట్ మనిషిగా లెక్కవేస్తే చాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. పైకి మాత్రం ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. అమ్మ మధ్యలో పకోడీల పళ్లెం పెట్టి, తినేంతసేపైనా నోళ్లు మూతపడతాయని ఆశపడేది.

మా బాబు అన్నప్రాసన అమ్మావాళ్లింట్లోనే చేశాం. మా ఆయన ఊరవతల నందిని అనేచోట సున్నపురాయి గనుల్లో పనిచేస్తాడు కాబట్టి, నా షిఫ్టుల కోసం నేనూ బాబూ ఎక్కువగా అక్కడే ఉంటాం. సందులో షామియానా వేసి వంటమేస్త్రి పెద్ద గ్యాస్ పొయ్యి పెట్టాడు. వంకాయలింకా సంచిలోనే ఉన్నాయి, పొయ్యి మాత్రం బుసబుసా మండుతోంది.

"ఏటయ్యా, గిన్నె లేదు, కూర లేదు, ఉత్తి పొయ్యి ఎవరికోసం?" అని నాన్న వెళ్లి కట్టేశాడు.

మేస్త్రి మళ్లీ వెలిగించాడు. నాన్న మళ్లీ కట్టేశాడు. "మాటిమాటికీ వెలిగించాలంటే విసుగు కదా బాబూ, మండనీండి" అన్నాడు మేస్త్రి. నాన్న ఊరుకుంటాడా? ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కొచ్చి పొయ్యి పక్కనే వేసుకుని కూర్చున్నాడు. లోపల పురోహితుడు తాతగారేరీ అని కేకలు పెడుతుంటే, తాతగారు సందులో నాబ్‌కి కాపలా కాస్తున్నారు.

పిలవడానికి బాబుని ఎత్తుకుని నేనే వెళ్లాను. ఆ రోజు ఏ మిల్లు ఆగిందో ఏమో, సందు చివర ఇళ్ల కప్పుల మీదుగా పట్టపగలే మంట ఎర్రగా కనిపిస్తోంది.

"నాన్నా, అటు చూడు. అక్కడా గిన్నె లేదు" అన్నాను.

చూశాడు. పొయ్యి వైపు చూశాడు, మళ్లీ అటు చూశాడు. "మరి ఆ పొయ్యి ఎవరు కట్టేస్తారు?" అన్నాడు.

"నేనే. ఇవాళ సెలవు పెట్టాను కదా."

నాన్న లేచి, బాబుని నా చేతుల్లోంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. భోజనాలప్పుడు కూడా మాట్లాడలేదు. అలిగాడనుకున్నాను. పాయసం రెండోసారి వడ్డించుకున్నాడు కాబట్టి మరీ పెద్ద అలక కాదని అమ్మ తేల్చింది.

ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి, అవీ నాతో కాదు. నేను పక్కనే అన్నం తింటుంటే అమ్మతో, "మిల్లు ఆగితే పవర్ హౌస్‌వాళ్లు ఎంత గ్యాస్ తీసుకుంటారో అడుగు దాన్ని" అనేవాడు. అమ్మకి పవర్ హౌస్ ఎటువైపుందో తెలియదు. అయినా పాపం, నా వైపు తిరిగి అడిగేది. నేను అమ్మకే జవాబు చెప్పేదాన్ని. ఇలా మా ఇంట్లో అమ్మకి గ్యాస్ విద్య బాగా అబ్బింది.

మొన్నామధ్య సెకండ్ షిఫ్టులో ఉండగా, ఉక్కుని ఒత్తే రోల్స్ మార్చడానికి ఒక మిల్లు ఆపారు. స్క్రీన్ మీద గ్యాస్ ప్రెషర్ పెరగడం మొదలైంది. పవర్ హౌస్‌కి ఫోన్ చేసి, బొగ్గు తగ్గించి మా గ్యాస్ తీసుకోండి మహాప్రభో అన్నాను. చూద్దాం మేడమ్ అన్నారు. అంతలో నా సెల్ మోగింది. నాన్న. ఆయన నా పనివేళల్లో ఎప్పుడూ ఫోన్ చేయడు. బాబుకేమైనా అయిందేమోనని గబుక్కున ఎత్తాను.

"నాన్నా, బాబు బాగున్నాడా?"

"ఆడికేటి, ఆడుకుంటన్నాడు. ఏటమ్మా ఆ మంట? ఇంతలేసి గ్యాస్ అలగ తగలేస్తన్నారేటి?"

వెనకనుంచి భయ్యా గొంతు వినిపిస్తోంది, ప్లాంట్ ఇవాళ జోరుగా ఉందని మురిసిపోతూ. "నువ్వుండు భయ్యా, అది జోరు కాదు, ఖాళీ పొయ్యి!" అని కసిరి మళ్లీ నా మీదికి వచ్చాడు. "పవర్ హౌస్‌కి చెప్పేవా?"

"చెప్పాను."

"ఇంకోపాలి గట్టిగా చెప్పు."

"నాన్నా, నేను డ్యూటీలో ఉన్నాను."

"తెలుసు. డ్యూటీలో ఉన్నావనే చేసేను" అని పెట్టేశాడు.

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పక్కసీటు అమ్మాయి చూడకుండా చున్నీతో తుడుచుకుని, పవర్ హౌస్‌కి మళ్లీ ఫోన్ చేశాను.

"ఇప్పుడే కదా మేడమ్ చేశారు" అన్నాడు అవతలివాడు.

"ఏం చేయను బాబూ, మా సీనియర్ ఊరుకోవట్లేదు" అన్నాను.